మెట్ల మీద కూర్చున్న మనిషి

అందరికీ నమస్కారం. ఈ గదిలో ఉన్నవారిలో చాలామంది టీమ్‌లను నడిపేవారని నిర్వాహకులు చెప్పారు. మీ టీమ్‌లోని వాళ్ళను మీలో ఎక్కువమంది రోజూ కళ్ళారా చూడరని కూడా చెప్పారు. దూరంగా ఉండి కలిసి పనిచేసే మనుషుల మధ్య దగ్గరితనం ఎలా నిలుస్తుందో మాట్లాడమన్నారు. సలహాల జోలికి వెళ్ళే ముందు ఒక మనిషి గురించి చెబుతాను. ఈ విషయంలో నాకు కళ్ళు తెరిపించింది ఆమే.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిది మంది ఉన్న ఒక టీమ్‌కు నేను బాధ్యుణ్ణి. తొమ్మిది మందీ తలో చోట ఉండేవారు. అందులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చూసే సహోద్యోగి ఒకరు ఉండేవారు. మీటింగులో ఆమెను ఏదైనా అడిగితే రెండు మూడు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత మైకు తెరుచుకునేది, ఒక పొట్టి జవాబు వచ్చేది, మళ్ళీ మ్యూట్. కెమెరా ఎప్పుడూ తెరిచేవారు కాదు. ఒక్కోసారి మాట మధ్యలోనే గొంతు ఆగిపోయి, కాసేపటికి "క్షమించండి, చెప్పండి" అంటూ తిరిగి వచ్చేవారు. ఆరు నెలలు ఇలాగే గడిచింది. ఆమెకు పని మీద ఆసక్తి లేదన్న అభిప్రాయం టీమ్‌లో మెల్లగా గూడు కట్టుకుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కానీ ముఖ్యమైన పనులు ఆమె దాకా వెళ్ళడం తగ్గిపోయింది. అర్ధ సంవత్సరపు సమీక్షలో నేను స్వయంగా రాశాను: "చర్చల్లో మరింత చురుకుగా పాల్గొనాలి."

ఒక సాయంత్రం మా మీటింగ్ వ్యవస్థ మొరాయించింది. విడుదల గడువు దగ్గర పడింది కాబట్టి ఆమెకు మామూలు ఫోను చేశాను. మాట్లాడుతుండగా అడుగుల చప్పుడు వినిపించింది. "ఒక్క నిమిషం, పై అంతస్తువాళ్ళు దిగుతున్నారు" అన్నారు ఆమె. ఎక్కడున్నారని అడిగాను. మెట్ల మీద, అన్నారు. ఇంట్లో సిగ్నల్ నిలిచే చోటు అదొక్కటేనట. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట, ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆరు నెలలుగా మా ప్రతి మీటింగుకూ అక్కడి నుంచే హాజరవుతున్నారు. ఎవరైనా ఎక్కినా దిగినా, ఏ తలుపైనా గట్టిగా పడినా మ్యూట్ చేస్తున్నారు. వచ్చేపోయేవాళ్ళ ముఖాలు తెర మీద పడతాయని కెమెరా తెరవడం లేదు. ఇదంతా ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ మాట మాటగా గుర్తుంది. "ఎవరూ అడగలేదు కదండీ. నా అంతట నేను చెబితే సాకు చెబుతున్నానని అనుకుంటారేమోనని ఊరుకున్నాను."

ఆమె మా పక్క బల్ల దగ్గర కూర్చుని పనిచేసి ఉంటే, మెట్ల మీద కూర్చోవలసి వచ్చిన సంగతి పూట గడవకముందే అందరికీ తెలిసేది. ఎవరో ఒకరు కుర్చీ జరిపి చోటిచ్చేవారు. దూరంలో ఉండటం వల్ల ఆమె ఇబ్బంది మాకు కనబడలేదు. ఆ ఇబ్బంది వల్ల వచ్చిన మౌనం మాత్రం కనబడింది. ఆ మౌనానికి మేమే ఒక అర్థం కట్టి, దాన్ని ఆమె స్వభావం అనుకున్నాం.

మెట్ల మాట వచ్చింది కాబట్టి మరో మెట్ల సంగతి చెప్పాలి. లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు 1950లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో వెస్ట్‌గేట్ అనే విద్యార్థుల నివాస సముదాయం ఉండేది. అక్కడ ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో వాళ్ళు లెక్క తీశారు. అభిరుచులు కలిసినవాళ్ళే ఎక్కువగా దగ్గరవుతారని మనం అనుకుంటాం. కానీ అక్కడ అన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది తలుపుకూ తలుపుకూ మధ్య ఉన్న దూరం. పక్క ఇంటివాళ్ళు స్నేహితులయ్యారు, నాలుగిళ్ళ అవతలివాళ్ళు అంతగా కాలేదు. కింది అంతస్తులో మెట్ల మొదట్లో ఉన్నవాళ్ళకు పై అంతస్తులో స్నేహితులు ఎక్కువ. ఎందుకంటే పైవాళ్ళు దిగుతూ ఎక్కుతూ రోజూ వాళ్ళ కంటపడేవారు. ఆ తర్వాత ఎంఐటీలోనే థామస్ అలెన్ ఇంజినీర్ల మీద ఇలాంటి పరిశోధన చేసి 1977లో పుస్తకంగా తెచ్చారు. ఇద్దరి బల్లల మధ్య దూరం పెరిగే కొద్దీ వాళ్ళు మాట్లాడుకోవడం వేగంగా పడిపోతుంది. సుమారు 50 మీటర్లు దాటిందంటే ఇక దాదాపు లేనట్టే.

యాభై మీటర్లండీ! ఒకే భవనంలో రెండు చివరలు. మన టీమ్‌ల మధ్య దూరం వేల కిలోమీటర్లు.

ఈ రెండు పరిశోధనల్లో నన్ను ఆలోచింపజేసేది ఒకటుంది. ఆ మనుషులెవరూ దగ్గర కావడానికి ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. మెట్లూ నడవలూ ఆ పని చేసిపెట్టాయి. ఆఫీసులో మేనేజర్లుగా మనం కూడా ఆ పని చేయలేదు, గోడలూ తలుపులూ చేశాయి. ఇప్పుడు అవి లేవు కాబట్టి ఆ పని ఎవరో ఒకరు పూనుకుని చేయాలి. చాలా టీమ్‌లలో అది ఎవరి బాధ్యతల జాబితాలోనూ లేదు.

లేకపోతే ఏమవుతుందో క్యాథరిన్ క్రామ్టన్ అనే పరిశోధకురాలు 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో చూపించారు. వేర్వేరు చోట్ల ఉంటూ కలిసి పనిచేసిన 13 విద్యార్థి బృందాలను ఆమె పరిశీలించారు. వాళ్ళ ఈమెయిళ్ళూ సంభాషణలూ చదివారు. జవాబు రాకపోవడమన్నది ఒక్కో సందర్భంలో ఒక్కో అర్థంతో కనిపించింది. ఒకరు ఒప్పుకుని ఊరుకున్నారు, ఒకరు గట్టిగా వ్యతిరేకించి ఊరుకున్నారు, ఒకరు ఊళ్ళో లేరు, ఒకరి కంప్యూటర్ పనిచేయలేదు, ఒకరు ఆ ప్రశ్న చూడనే లేదు. అవతలివైపు చేరేది మాత్రం ఒకటే మౌనం. అప్పుడు మనుషులు ఏం చేస్తారు? పరిస్థితి తెలియదు కాబట్టి మనిషిని నిందిస్తారు. "నెట్ లేదేమో" అనుకోరు, "బాధ్యత లేదు" అనుకుంటారు. నేను నా సహోద్యోగి విషయంలో చేసింది అచ్చంగా ఇదే. ఆ అధ్యయనం చదివిన రోజు నేను సమీక్షలో రాసిన వాక్యం గుర్తుకొచ్చి తల దించుకున్నాను.

అందుకే దూరపు టీమ్‌లలో దగ్గరితనం అనగానే ఆటలూ పాటలూ సరదా పోటీలతో మొదలుపెట్టడం నాకు సరైన దారిగా తోచదు. ఒకరి పరిస్థితి ఒకరికి తెలియడం ముందు. ఆ తర్వాత స్నేహం దానంతట అది వస్తుంది, రాకపోయినా కనీసం అపార్థం రాదు.

దూరంగా పనిచేయడమే తప్పని నేను అనడం లేదు. చైనాలో సీట్రిప్ అనే ప్రయాణాల సంస్థలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు తొమ్మిది నెలల పాటు ఒక ప్రయోగం చేశారు. కాల్ సెంటర్ ఉద్యోగుల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిలో కొందరు ఇంటి నుంచి, కొందరు ఆఫీసు నుంచి పనిచేశారు. ఇంటి నుంచి చేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. ఆ తర్వాత ఎవరికి ఇష్టమైన చోటు వాళ్ళు ఎంచుకోవచ్చన్నారు. ప్రయోగంలో ఉన్నవారిలో సగానికి పైగా మనసు మార్చుకున్నారు. ఇంటి నుంచి ఆఫీసుకు తిరిగి వెళ్ళినవారు చెప్పుకున్న ముఖ్యమైన కారణాల్లో ఒంటరితనం ఒకటి. పని బాగా సాగుతోంది, మనిషి మాత్రం ఒంటరి అయ్యాడు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. అంకెల పట్టిక చూసి టీమ్ క్షేమంగా ఉందని మురిసిపోయే మేనేజర్లు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి.

మైక్రోసాఫ్ట్‌లో 61,182 మంది ఉద్యోగుల మీద జరిగిన మరో అధ్యయనం 2021లో వచ్చింది. 2020 మొదటి ఆరు నెలల సమాచారం అది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక ఎవరి గుంపు వాళ్ళది గట్టిపడింది, ఒక గుంపుకూ మరో గుంపుకూ మధ్య వంతెనలు తగ్గాయి. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే చెప్పారు, కొత్త సంగతులు మనకు ఎక్కువగా చేరేది ప్రాణ స్నేహితుల ద్వారా కాదు, ముఖపరిచయం ఉన్నవాళ్ళ ద్వారా అని. ఆ ముఖపరిచయాలే దూరంలో ముందుగా ఎండిపోతాయి.

ఇప్పుడు మేము ఏం చేశామో చెబుతాను. మొట్టమొదట సోమవారం ఉదయం ఒక్క వాక్యం రాయడం మొదలుపెట్టాం. టీమ్ చాట్‌లో దానికంటూ ఒక చోటు. "ఈ వారం నా పరిస్థితి" అని దానికి పేరు. పని సంగతులు అక్కడ రాయకూడదు. "ఇంట్లో మరమ్మతులు జరుగుతున్నాయి, మధ్యాహ్నాలు చప్పుడు ఉంటుంది." "పాపకు జ్వరం, ఈ రెండు రోజులు జవాబులు పొట్టిగా ఉంటే మరోలా అనుకోకండి." "నేను బాగున్నాను, ఎవరికైనా సాయం కావాలంటే అడగండి." అంతే, ఒక్క వాక్యం. కారణం చెప్పాలన్న నియమం లేదు. "ఈ వారం కాస్త నెమ్మదిగా ఉంటాను" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. ఇది చాలా ముఖ్యం. పరిస్థితి తెలియజేయడం వేరు, సొంత జీవితాన్ని అందరి ముందూ పరచడం వేరు. మొదటిది టీమ్‌కు అవసరం, రెండోది ఎవరి ఇష్టం వారిది.

మొదటి సోమవారం నేనొక్కడినే రాశాను. ఆ సమయంలో ఒక ప్రాజెక్టు దారి తప్పుతోందని నాకు దిగులుగా ఉండేది. "ఈ వారం దిగులుగా ఉంది, నా గొంతులో విసుగు వినిపిస్తే అది మీ మీద కాదు" అని రాశాను. జవాబుగా పైకెత్తిన బొటనవేలి గుర్తులు రెండు వచ్చాయి. రెండో వారం ఇద్దరు రాశారు. అందరూ రాయడానికి అయిదు వారాలు పట్టింది. పైనున్నవాడు ముందుగా తన నిజమైన స్థితి చెప్పకుండా కిందివాళ్ళను చెప్పమంటే అది దాపరికం లేని టీమ్ అవదు, నిఘా అవుతుంది. ఈ వాక్యాలను ఎప్పుడూ ఎవరి సమీక్షకూ వాడకూడదని మేము ముందే అనుకుని రాసిపెట్టుకున్నాం.

రెండోది జంట మాటలు. రెండు వారాలకోసారి లాటరీ వేసినట్టు ఇద్దరిద్దరిని కలుపుతాం, పని వేళల్లోనే అరగంట. ఇది మా సొంత ఆలోచన కాదు. అందరూ దూరం నుంచే పనిచేసే గిట్‌ల్యాబ్ లాంటి సంస్థలు పని ఊసు లేని ఇలాంటి ముచ్చట్లను తమ రాతపూర్వక పద్ధతుల్లోనే చేర్చాయి. మా దగ్గర వేరే టీమ్‌లవాళ్ళను కూడా ఈ లాటరీలో కలిపాం, ఇందాక చెప్పిన వంతెనల కోసం. వీడియో తప్పనిసరి కాదు. నిజానికి నేను ఫోనే మంచిదంటాను.

వెనక నుంచి ఒకరు చేయెత్తారు. అడగండి.

(ప్రశ్న: కెమెరా లేకపోతే మనిషి ఉన్నట్టే అనిపించదు. అందుకే మా దగ్గర కెమెరా తప్పనిసరి చేశాం. అది తప్పంటారా?)

మీ ఉద్దేశం మంచిదే. ఎదుటి మనిషి ముఖం చూడాలనుకోవడంలో తప్పేముంది? కానీ తప్పనిసరి అన్న మాటతోనే నాకు పేచీ. వీడియో కాల్స్ వల్ల వచ్చే అలసట గురించి స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లో ఒక వ్యాసం రాశారు. అందులో ఆయన నాలుగు కారణాలు చూపించారు. అంత దగ్గరగా అన్ని కళ్ళు మనల్నే చూస్తున్నట్టు ఉండటం, మన ముఖం మనకే గంటల తరబడి కనబడటం, కదలకుండా ఒకే చోట కూర్చోవలసి రావడం, తల ఊపడం లాంటి సైగలను కూడా కావాలని పెద్దవి చేసి చూపవలసి రావడం. దీనికి తోడు, మామూలు సంభాషణలో ఒకరు ఆగాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు. వేర్వేరు భాషల్లో కొలిచి చూసినా తేడా స్వల్పమే. నెట్ కాస్త ఆలస్యమైందంటే ఆ లయ తప్పుతుంది, ఎదుటివాళ్ళు మనస్ఫూర్తిగా మాట్లాడటం లేదనిపిస్తుంది. తప్పు తీగది, నింద మనిషికి.

ఫోను సంగతి కూడా చెబుతాను. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన పరిశోధనలో, పాత పరిచయస్తులకు ఈమెయిల్ రాయడానికి బదులు ఫోను చేస్తే ఇబ్బందిగా ఉంటుందని జనం ముందుగా అనుకున్నారు. తీరా చేశాక ఆ ఇబ్బంది కనిపించలేదు, దగ్గరితనం మాత్రం ఎక్కువగా అనిపించింది. దగ్గరితనాన్ని మోసుకొచ్చేది గొంతు. నా సహోద్యోగి మెట్ల సంగతి నాకు తెలిసింది కూడా ఫోనులోనే కదా. అందుకని, చూడాలని ఉంది అని అడగండి, చూపించి తీరాలని శాసించకండి. ముఖ్యంగా ఇల్లు చూపించడానికి బిడియపడేవాళ్ళు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. వాళ్ళు ఆ మాట పైకి చెప్పరు.

శుక్రవారం సాయంత్రపు ఆటల గురించి ఒక్క మాట. ఇష్టమైనవాళ్ళు ఆడుకుంటే మంచిదే. కానీ పని వేళలు అయిపోయాక హాజరు పట్టీతో నడిచే సరదా మనుషుల సొంత సమయాన్ని తీసుకుంటుంది. వేరే టైమ్ జోన్‌లో ఉన్నవాళ్ళకు అది అర్ధరాత్రి కూడా కావచ్చు. ప్రతిసారీ ఒకే మనిషి నిద్ర మానుకోవలసి వస్తే ఆ టీమ్‌లో తన స్థానం ఏమిటో అతనికి ఎవరూ చెప్పనవసరం లేదు. మీటింగు వేళల్ని వంతులవారీగా మార్చండి, అసౌకర్యాన్ని అందరూ పంచుకోండి. నా అనుభవంలో ఏ ఆట కన్నా ఇదే ఎక్కువ కలిపింది.

సగం మంది ఆఫీసులో, సగం మంది బయట ఉండే టీమ్‌లు ఇంకా కష్టం. గదిలో ఆరుగురు ఒక పెద్ద తెర ముందు, తెర మీద ఒక్కరు. గదిలోవాళ్ళు నవ్వుతారు, ఎందుకు నవ్వారో ఆ ఒక్కరికీ తెలియదు. దీనికి మేము పెట్టుకున్న పద్ధతి తేలికైనది: ఒక్కరు బయట ఉన్నా, అందరూ ఎవరి కంప్యూటర్ నుంచి వాళ్ళే కలవాలి. మొదట్లో వింతగా అనిపిస్తుంది, పక్క పక్కనే కూర్చుని తెరలో మాట్లాడటం. కానీ ఆ ఒక్కరు అతిథిలా కాకుండా మనలో ఒకరిలా ఉంటారు.

ఏడాదికి ఒకసారైనా ఎదురెదురుగా కలవడానికి ఖర్చు పెట్టగలిగితే పెట్టండి. దూరం నుంచి పనిచేయడాన్ని ఎంతో కాలంగా నమ్ముకున్న ఆటోమాటిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ తన ఉద్యోగులందరినీ ఒక చోట చేర్చే సమావేశాలు జరుపుతూ వచ్చింది. అలా కలిసినప్పుడు రోజంతా స్లైడ్లు చూపించకండి. ఇద్దరు కలిసి ఒక మూల నడవడానికి ఖాళీ వదలండి.

మరో ప్రశ్న, ముందు వరుసలోంచి.

(ప్రశ్న: కొత్తగా చేరినవాళ్ళ సంగతి? పాతవాళ్ళకు కనీసం పాత పరిచయాలున్నాయి.)

చాలా మంచి ప్రశ్న. కొత్తవాళ్ళకు అన్నిటికంటే కష్టమైనది చిన్న ప్రశ్న అడగడం. ఆఫీసులో అయితే పక్కవారి వైపు వంగి అడిగేస్తారు. చాట్‌లో అదే ప్రశ్న రాయాలంటే, పదిమంది చదువుతారు, అది అక్కడే నిలిచిపోతుంది. రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చివరికి పంపకుండా రెండు గంటలు ఒంటరిగా కుస్తీ పడతారు. మేము ప్రతి కొత్త మనిషికీ మేనేజర్ కాని ఒక తోడును మూడు నెలల పాటు ఇస్తాం. ఆ తోడు రోజుకోసారి తానే ఫోను చేయాలి, పది నిమిషాలు. "ఏమైనా కావాలంటే అడుగు" అని వదిలేస్తే ఎవరూ అడగరు. "ఈ రోజు ఎక్కడ ఆగిపోయావు?" అని అడిగితే చెబుతారు.

రావడం గురించి అడిగారు కాబట్టి వెళ్ళడం గురించి చెప్పి ముగిస్తాను. దూరపు టీమ్‌లో మనిషి వెళ్ళిపోవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. సాయంత్రం అయిదింటికి ఖాతా మూతపడుతుంది, జాబితాలోంచి పేరు మాయమవుతుంది. మూడేళ్ళు కలిసి పనిచేసిన మనిషి కంటికి కనబడకుండానే వెళ్ళిపోతాడు. మేము వీడ్కోలుకు ఒక గంట కేటాయిస్తాం. ఆ గంటలో ప్రతి ఒక్కరూ ఆ మనిషి తమకు చేసిన ఒక నిర్దిష్టమైన సాయం చెప్పాలి. "మీరు చాలా మంచివారు" లాంటి మాట చెల్లదు. ఫలానా రోజు ఫలానా పని అని చెప్పాలి.

నా సహోద్యోగి ఆ తర్వాత మాతో ఇంకో రెండున్నరేళ్ళు పనిచేశారు. ఆ ఫోను తర్వాత మేము చేసింది పెద్దదేమీ కాదు. సిగ్నల్ పెంచే పరికరం సంస్థ ఖర్చుతో పంపాం, అది కొంతవరకే పనిచేసింది. ముఖ్యమైన మీటింగులు వాళ్ళ మెట్ల మీద రద్దీ తక్కువగా ఉండే వేళకు జరిపాం. ఆమె జవాబు కోసం మూడు క్షణాలు ఆగడం అందరం నేర్చుకున్నాం. సమీక్షలో నేను రాసిన వాక్యాన్ని దిద్ది, ఎందుకు దిద్దానో కూడా కింద రాశాను. తర్వాతి ఏడాది మా విడుదలలన్నిటికీ ఆమే బాధ్యురాలు.

ఆమె వీడ్కోలు రోజున తొమ్మిది మందిమీ చెప్పవలసినవి చెప్పాం. ఒకతను, ఒక రాత్రి తాను చేసిన పొరపాటును ఆమె తెల్లవారేలోగా ఎవరికీ తెలియకుండా తనతోనే సరిచేయించారని చెప్పాడు. అది మాలో ఎవరికీ తెలియదు. అందరూ అయ్యాక ఆమె వంతు వచ్చింది. మామూలుగానే రెండు మూడు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత మొదటిసారిగా ఆమె కెమెరా తెరుచుకుంది. ముఖం కనబడలేదు. ల్యాప్‌టాప్‌ను అటు తిప్పి పట్టుకున్నారు. పాతబడిన మెట్లు, ఇనుప కటకటాలు, గోడ వైపున మూడో మెట్టు మీద ఒక మెత్త. "నేను కూర్చునే చోటు ఇదే" అన్నారు. ఇంతలో పై నుంచి ఎవరో దిగుతున్న చప్పుడైంది. ఈసారి ఆమె మ్యూట్ చేయలేదు. దిగివచ్చిన పెద్దావిడ ఆగి, తెరలోకి వంగి మమ్మల్ని చూసి, "ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి మాట్లాడేది మీతోనేనా?" అని అడిగింది.